ఆరోగ్య డేటా శాస్త్రంలో పీహెచ్‌డీ: దరఖాస్తుకు ముందు చూడవలసినవి

కోల్‌కతా నగరంలో హుగ్లీ ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్ దుస్తుల తయారీకి పేరొందిన ప్రాంతం. రోజంతా మిషను మీద వంగి కుట్టే దర్జీల చూపు, వెన్ను ఏ మేరకు దెబ్బతింటున్నాయి? ఆరోగ్య డేటా శాస్త్రంలో పరిశోధన ఇటువంటి నిర్దిష్టమైన ప్రశ్నతో మొదలుకావాలి. ‘కృత్రిమ మేధతో వ్యాధి నిర్ధారణ’ వంటి విశాల శీర్షికలు ఇంటర్వ్యూలో నిలబడడం కష్టం.

ప్రశ్న తరువాత చూడవలసింది డేటా. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సమాచారం నమోదు చేసుకున్న పరిశోధకులకు ఉచితంగా లభిస్తుంది. అయితే దాని అంచనాలు జిల్లా స్థాయి వరకే. మెటియాబ్రుజ్ వంటి ఒక పేట పరిస్థితి తెలియాలంటే కొత్తగా సర్వే చేయాలి. అందుకు ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. ఆసుపత్రి రికార్డులకూ ఇదే వర్తిస్తుంది. పరిశోధన ప్రతిపాదనలోని కాలపట్టికలో ఈ అనుమతులకు కొన్ని నెలలైనా కేటాయించాలి.

ఈ రంగానికి కోల్‌కతా కొత్త కాదు. మహలనోబిస్ 1931లో స్థాపించిన భారత గణాంక సంస్థ బరానగర్‌లో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1941లో అక్కడికే చేరారు. అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ 1932 నుంచి పనిచేస్తోంది. బేలియాఘాటాలో కలరా పరిశోధనకు పేరొందిన ఐసీఎంఆర్ సంస్థ, కల్యాణిలో జాతీయ బయోమెడికల్ జీనోమిక్స్ సంస్థ, కొంత దూరంలో ఖరగ్‌పూర్ ఐఐటీ ఉన్నాయి. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ, ట్రిపుల్ఐటీ, కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశీలించదగినవి.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం, లేదా నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులుండాలి. రిజర్వుడు వర్గాలకు, దివ్యాంగులకు, ఆర్థికంగా వెనుకబడినవారికి 5 శాతం సడలింపు ఉంది. వ్యవధి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు మరో రెండేళ్ల వరకు వెసులుబాటు ఉంటుంది. 2024 జూన్ నుంచి యూజీసీ నెట్ మార్కులను పీహెచ్‌డీ ప్రవేశాలకూ పరిగణిస్తున్నారు. జేఆర్‌ఎఫ్ రాకుండా పీహెచ్‌డీకి అర్హత పొందినవారికి నెట్‌కు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ మార్కులు ఏడాదిపాటే చెల్లుతాయి. గణాంక సంస్థకు, ఐఐటీలకు ప్రవేశ విధానాలు వేరు.

అభ్యర్థులు ఎక్కువగా పొరబడేది ప్రాజెక్టు ఉద్యోగం విషయంలో. ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్‌గా చేరినంత మాత్రాన పీహెచ్‌డీలో చేరినట్లు కాదు. ప్రాజెక్టు గడువు ముగిస్తే వేతనం ఆగుతుంది, రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ కాలం డిగ్రీకి లెక్కలోకి రాదు. చేరేముందే ఏ విశ్వవిద్యాలయంలో నమోదు, ఎప్పటిలోగా, నిధులు ఎన్నేళ్లకు అన్నది రాతపూర్వకంగా అడగాలి. జాతీయ పరీక్ష ద్వారా వచ్చే ఫెలోషిప్ ఇంతకంటే భద్రమైనది. 2023 జనవరి నుంచి యూజీసీ జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరువాత ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000 రూపాయలు.

పర్యవేక్షకునికి రాసే లేఖ ఒక పేజీ దాటరాదు. ఆయన ఇటీవలి పత్రాలను చదివి, ప్రశ్న, డేటా, పద్ధతి మూడింటినీ అందులో క్లుప్తంగా చెప్పాలి. వైద్యనేపథ్యం ఉన్నవారు గణాంకశాస్త్రంలో, కంప్యూటర్ నేపథ్యం ఉన్నవారు ప్రజారోగ్యంలో సహ పర్యవేక్షకుని కోరడం మేలు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్న ఆచార్యులు కొత్త విద్యార్థులను తీసుకోరాదు. ప్రొఫెసర్ వద్ద గరిష్ఠంగా ఎనిమిది మందికే చోటు ఉంటుంది కనుక, ఖాళీ ఉందో లేదో మొదటి లేఖలోనే అడగవచ్చు.