మానవ శ్వాస వ్యవస్థ

మానవ శ్వాస వ్యవస్థ అనగా గాలిలోని ఆక్సిజన్‌ను రక్తానికి అందించి, శరీరంలో తయారైన కార్బన్ డయాక్సైడ్‌ను బయటకు పంపే అవయవాల సముదాయము. తిండి లేకుండా మనిషి కొన్ని వారాలు, నీరు లేకుండా కొన్ని రోజులు బ్రతకగలడు. ఆక్సిజన్ అందకపోతే మాత్రం నాలుగైదు నిమిషాలలోనే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఆక్సిజన్‌ను నిలువ చేసుకొనే ఏర్పాటు శరీరంలో దాదాపుగా లేకపోవడమే దీనికి కారణము. సికింద్రాబాదులో 2022, 2023 సంవత్సరాలలో జరిగిన అగ్నిప్రమాదాలలో మంటల కన్నా పొగ వలన ఎక్కువమంది మరణించడానికి మూలం కూడా ఇదే.

నిర్మాణము

నాసికా రంధ్రాల గుండా ప్రవేశించిన గాలి నాసికా కుహరంలో వెచ్చబడి, తేమను పొందుతుంది. అక్కడి వెంట్రుకలు, శ్లేష్మము దుమ్మును చాలావరకు ఆపుతాయి. నోటితో పీల్చిన గాలికి ఈ శుద్ధి జరగదు. తరువాతి భాగమైన గ్రసని గాలికి, ఆహారానికి ఉమ్మడి దారి. మింగేటప్పుడు ఉపజిహ్విక అనే మూత వంటి భాగము స్వరపేటిక ద్వారాన్ని కప్పుతుంది. అది సకాలంలో మూసుకోనప్పుడు మెతుకో నీటిచుక్కో గాలి దారిలో పడి దగ్గు వస్తుంది. దీనినే పొలమారడం అంటారు. ఎవరో తలచుకోవడం వలన పొలమారుతుందని పెద్దలు చెప్పే మాటకు, మాట్లాడుతూ తినవద్దని వారే చెప్పే మాటకు మధ్య శాస్త్రము రెండవ దానినే సమర్థిస్తుంది.

స్వరపేటిక క్రింద వాయునాళము ఉంటుంది. ఆంగ్ల అక్షరము 'సి' ఆకారంలోని మృదులాస్థి ఉంగరాలు అది ముడుచుకుపోకుండా కాపాడతాయి. వాయునాళము రెండు శ్వాసనాళాలుగా చీలుతుంది. కుడివైపు నాళము ఎక్కువ వెడల్పుగా, నిటారుగా ఉండడం వలన పిల్లలు పొరపాటున పీల్చిన పల్లీ గింజల వంటివి తరచుగా కుడి ఊపిరితిత్తిలోనే చిక్కుకుంటాయి. శ్వాసనాళాలు మళ్ళీ మళ్ళీ చీలి, చివరకు వాయుగోణులు అనే సూక్ష్మమైన గాలి సంచులతో అంతమవుతాయి. రెండు ఊపిరితిత్తులలో కలిపి ఇవి 30 కోట్లకు పైగా ఉంటాయి. వీటన్నిటి గోడలను పరచగలిగితే ఆ వైశాల్యము సుమారు 70 చదరపు మీటర్లు, అనగా ఒక చిన్న ఇంటి నేలంత.

శ్వాసక్రియ

ఊపిరితిత్తులకు సొంత కండరాలు లేవు. ఉదరవితానము సంకోచించి క్రిందికి దిగినప్పుడు, పక్కటెముకలు పైకి, బయటికి కదిలినప్పుడు ఛాతీ కుహరము విశాలమై గాలి లోపలికి వస్తుంది. ఇది ఉచ్ఛ్వాసము. ఆ కండరాలు సడలినప్పుడు జరిగేది నిశ్వాసము. విశ్రాంతిగా ఉన్న పెద్దవారు నిమిషానికి 12 నుండి 18 సార్లు, ప్రతిసారీ దాదాపు 500 మిల్లీలీటర్ల గాలిని పీలుస్తారు. అందులో సుమారు 150 మిల్లీలీటర్లు వాయుగోణుల వరకు చేరకుండా గొట్టాలలోనే ఉండిపోయి తిరిగి బయటకు వస్తుంది.

పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతము, విడిచే గాలిలో దాదాపు 16 శాతము ఉంటుంది. వాయుగోణుల చుట్టూ అల్లుకున్న రక్తకేశనాళికలలోని హీమోగ్లోబిన్ ఈ ఆక్సిజన్‌ను గ్రహిస్తుంది. ఒక్కొక్క హీమోగ్లోబిన్ అణువు నాలుగు ఆక్సిజన్ అణువులను మోయగలదు.

నియంత్రణ, హైదరాబాదు క్లోరోఫారమ్ కమిషన్లు

శ్వాస లయను మెదడులోని మజ్జాముఖము నియంత్రిస్తుంది. ఊపిరి బిగబట్టినప్పుడు కలిగే ఆరాటానికి ముఖ్య కారణము ఆక్సిజన్ తగ్గడం కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడము. ఈ ఏర్పాటులో ఒక లోపమున్నది. కార్బన్ డయాక్సైడ్ పెరగకుండా ఆక్సిజన్ మాత్రమే తగ్గితే, మనిషి పెద్దగా ఆయాసము తెలియకుండానే స్పృహ తప్పవచ్చును.

శ్వాస నియంత్రణ చరిత్రలో హైదరాబాదుకు ఒక స్థానమున్నది. క్లోరోఫారమ్ మత్తు ఇచ్చిన రోగులు కొందరు ఎందుకు మరణిస్తున్నారన్నది 19వ శతాబ్దపు వైద్యుల ముందున్న పెద్ద ప్రశ్న. ముందుగా ఆగేది గుండెయా, శ్వాసయా? హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ 1888లోను, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సహాయంతో 1889లోను రెండు కమిషన్లు జంతువులపై ప్రయోగాలు జరిపాయి. రెండవదానికి 'లాన్సెట్' పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుండి వచ్చాడు. శ్వాసే ముందు ఆగుతుందని, కాబట్టి మత్తు ఇచ్చేవారు నాడిని కాక శ్వాసను గమనించాలని కమిషన్ తేల్చింది. ఈ నిర్ణయము పూర్తిగా నిలువలేదు. క్లోరోఫారమ్ గుండె లయను నేరుగా చెడగొట్టగలదని గుడ్‌మన్ లెవీ 1911లో చూపించాడు. అయినా రోగి శ్వాసను ఆద్యంతం గమనించాలన్న సలహా మాత్రము సరైనదే.

వ్యాధులు

ఉబ్బసములో శ్వాసనాళికల గోడలు వాచి, కండరాలు బిగుసుకొని దారి ఇరుకవుతుంది. గాలి పీల్చడం కన్నా విడవడం కష్టమవుతుంది, పిల్లికూతలు వినిపిస్తాయి. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిన కుటుంబము పంచే చేప మందు కోసం వేలాదిమంది వస్తారు. దాని ప్రభావానికి శాస్త్రీయ నిరూపణ లేదు. ఇన్‌హేలర్ అలవాటవుతుందనే భయముతో దానిని మానివేయడం ప్రమాదకరము.

క్షయ వ్యాధి మైకోబాక్టీరియమ్ ట్యుబర్‌క్యులోసిస్ అనే సూక్ష్మజీవి వలన వస్తుంది. సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స అవసరము. మందులను మధ్యలో ఆపితే వాటికి లొంగని క్షయ తయారవుతుంది. న్యుమోనియాలో వాయుగోణులు ద్రవముతో నిండుతాయి. పొగాకు పొగ గాలి దారిని ఊడ్చే శైలికలను స్తంభింపజేస్తుంది, క్రమంగా వాయుగోణుల గోడలను నాశనము చేస్తుంది. ఆ నష్టము తిరిగి పూడదు. వంటచెరకు పొగలో గడిపే స్త్రీలకు, రాతిపొడి పీల్చే క్రషర్ కార్మికులకు పొగ త్రాగకపోయినా ఊపిరితిత్తులు పాడవుతాయి.

పొగ వలన కలిగే ప్రమాదము

2023 జనవరి 19న రాంగోపాల్‌పేట్ పరిధిలోని నల్లగుట్ట వద్ద, మినిస్టర్ రోడ్డులో, దుస్తులు, క్రీడా సామగ్రి నిలువ ఉంచిన డెక్కన్ భవనంలో మంటలు చెలరేగి గంటల తరబడి ఆరలేదు. ముగ్గురు కార్మికులు లోపల చిక్కుకుపోయారు. అంతకు ముందు 2022 సెప్టెంబరు 12న రూబీ హోటల్‌లో, క్రింది భాగంలోని విద్యుత్ స్కూటర్ల షోరూమ్‌లో పుట్టిన పొగ మెట్ల మార్గంలో పైకి లేచి ఎనిమిదిమంది మరణానికి దారితీసింది. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక చనిపోయారు. 2025 మే 18న హైదరాబాదు పాతబస్తీ గుల్జార్ హౌజ్ వద్ద మరణించిన 17 మందిలో 8 మంది పిల్లలు.

పొగ దెబ్బ మూడు విధాలు. వేడి గాలి, మసి స్వరపేటికను వాచేలా చేసి దారిని మూస్తాయి. సరిగా మండని పదార్థాల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. దీనికి రంగు, వాసన లేవు. పైన చెప్పిన నియంత్రణ లోపము ఇక్కడే ప్రాణాంతకమవుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఆయాసము కలిగించదు, తలనొప్పి, మగత మాత్రమే తెలుస్తాయి. మూడవది ఫోమ్ పరుపులు, కృత్రిమ నూలు, ప్లాస్టిక్ మండినప్పుడు వచ్చే హైడ్రోజన్ సయనైడ్. ఇది కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా అడ్డుకుంటుంది. ఈ కారణంగా దుస్తుల గిడ్డంగి, విద్యుత్ వాహనాల దుకాణము, పైన లాడ్జి ఒకే మెట్లదారి మీద ఉండడం అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు.

వేడి పొగ పైకి లేస్తుంది గనుక నేలకు దగ్గరగా ప్రాకుతూ బయటపడాలి. తడిగుడ్డ మసిని కొంత ఆపుతుంది కాని కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు. వేలికి తగిలించే సాధారణ ఆక్సీమీటరు కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్‌గానే లెక్కించి, ప్రమాదములో ఉన్న రోగికి మంచి అంకె చూపవచ్చును. అందువలన ధమని రక్త పరీక్ష అవసరము. మామూలు గాలిలో ఈ విషవాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కు ద్వారా స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు. పొగ పీల్చిన వ్యక్తి తేరుకున్నట్లు కనిపించినా, గొంతు వాపు కొన్ని గంటల తరువాత పెరగవచ్చును గనుక ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచుతారు.