విల్లు నుంచి గోల్ఫ్ కర్ర దాకా: వయసుకు తగిన వంపు

గోల్ఫ్ కర్రకు మూడు భాగాలుంటాయి. చేతులతో పట్టుకొనేది పిడి. బంతిని తాకేది తల. ఆ రెంటినీ కలిపే పొడవైన కాడను షాఫ్టు అంటారు. కర్రను విసురుగా తిప్పినప్పుడు ఈ కాడ కొంత వంగి, మళ్లీ నిటారవుతుంది. అది ఎంత సులభంగా వంగుతుందో తెలిపే గుణమే ఫ్లెక్స్. అరవై దాటిన ఆటగాడు తన కర్రల విషయంలో ఆలోచించవలసిన వాటిలో ఇది ముఖ్యమైనది. మోచేతి నొప్పితోనో నడుము నొప్పితోనో ఆట విడిచిపెట్టిన పెద్దలలో కొందరు చివరి దాకా ఆడినది నడివయసులో కొనుక్కున్న బిరుసైన ఉక్కు కర్రలతోనే. శరీరం మారినా కర్ర మారలేదు. ఎందుకు మారలేదో తెలియాలంటే షాఫ్టు చరిత్రను కొంత తెలుసుకోవాలి.

విల్లులు చేసేవారి పనితనం

గోల్ఫ్ పుట్టిల్లు స్కాట్లండు. విలువిద్య సాధనకు ఆటంకమవుతున్నదని 1457లో అక్కడి పార్లమెంటు ఈ ఆటను నిషేధించింది. అయితే కాలక్రమంలో గోల్ఫ్ కర్రలను తయారు చేసినవారిలో విల్లులు చేసే పనివారే ఉండడం విశేషం. రాజు నాలుగవ జేమ్స్ 1502లో పెర్త్ పట్టణంలోని ఒక విల్లుల పనివాని వద్ద గోల్ఫ్ కర్రలు కొన్నట్లు రాజకోశపు లెక్కలలో నమోదైంది. 1603లో ఆరవ జేమ్స్ తన ఆస్థానానికి గోల్ఫ్ కర్రలు చేసేవానిగా నియమించిన విలియం మేన్ కూడా ఎడిన్‌బరోలో విల్లులు చేసేవాడే.

ఇది కేవలం కాకతాళీయం కాదు. ఏ కొయ్య ఎంత వంగుతుందో, వంగినది ఎంత చురుకుగా తిరిగి నిటారవుతుందో విల్లు చేసేవానికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. విలుకాని భుజబలాన్ని బట్టి విల్లు ఉండాలన్నది అతని వృత్తిలో తొలిపాఠం. లాగలేని విల్లు వలన బాణం దూరం పోదు. లాగినవాని భుజమే చెడుతుంది. శివధనుస్సును కదపలేక సిగ్గుపడిన రాజుల కథ మనకు చిన్ననాటి నుంచి తెలుసు. బిరుసైన విల్లును మగతనానికి కొలబద్దగా చూసే అలవాటు ఎంత పాతదో ఆ కథ చెబుతుంది. ఆ అలవాటు గోల్ఫ్ మైదానంలో కూడా ఎలా అడుగుపెట్టిందో ముందు చూద్దాం.

హికరీ కాలం

తొలినాళ్లలో కాడలకు యాష్, హేజెల్ వంటి స్థానిక వృక్షాల కొయ్యను వాడేవారు. 19వ శతాబ్దంలో ఉత్తర అమెరికా నుంచి హికరీ కొయ్య స్కాట్లండు రేవులకు చేరింది. హికరీ అక్రోటు కుటుంబానికి చెందిన చెట్టు. దాని కొయ్య దృఢమైనది, అయినా సాగే గుణం కలది. 1848 ప్రాంతంలో ఈకలు కూరిన తోలు బంతుల స్థానంలో గట్టిపర్చా బంతులు వచ్చాయి. ఈ గట్టి బంతుల తాకిడికి నిలవగలిగే కాడ అవసరమైంది. సెయింట్ ఆండ్రూస్‌లో ప్రఖ్యాతుడైన హ్యూ ఫిల్ప్, 1856లో అతని తరువాత దుకాణాన్ని నడిపిన అతని మేనల్లుడు రాబర్ట్ ఫోర్గన్ వంటి పనివారి చేతులలో కర్రల తయారీ ఒక కళగా ఎదిగింది.

హికరీ కాడను పనివాడు చేతితో చిత్రిక పట్టేవాడు. కొంత గీకితే కాడ మెత్తబడుతుంది, ఇంకొంత గీకితే ఇంకా మెత్తబడుతుంది. కొనేవాడు ఎదురుగా నిలబడి, కర్రను ఊపి చూసి, బిరుసుగా ఉన్నదంటే మరికొంత గీకించుకొనేవాడు. యువకునికి ఒక విధంగా, వృద్ధునికి మరొక విధంగా కాడ తయారయ్యేది. దానిపై అక్షరమూ లేదు, అంకె కూడా లేదు. ఆటగాని చేయి ఒప్పుకొన్నదే కొలత.

హికరీలో లోపాలు లేకపోలేదు. అది వంగడమే కాక మెలి కూడా తిరుగుతుంది. ఒక చెట్టు కొయ్యకు, మరొక చెట్టు కొయ్యకు పొంతన ఉండదు. అందుచేత హికరీతో ఆడేవారు బలం కంటే లయకు ప్రాధాన్యమిచ్చేవారు. తొందరపడి విసిరితే తల వెనుకబడి బంతి దారి తప్పేది. వయసు మీరినవారికి ఆ లయ మేలు చేసింది. 1867లో ఓల్డ్ టామ్ మోరిస్ 46 ఏళ్ల వయసులో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీ చరిత్రలో అంతకంటే పెద్ద వయసులో గెలిచినవారు ఇప్పటికీ లేరు. యౌవనం దాటుతుండగా క్షయవ్యాధి పాలై కోలుకొన్న హ్యారీ వార్డన్ 1920లో, 50 ఏళ్ల వయసులో, అమెరికన్ ఓపెన్‌లో ఒకే ఒక్క స్ట్రోకు తేడాతో విజయాన్ని కోల్పోయాడు. 1930లో ఒకే ఏడాది నాలుగు ప్రధాన పోటీలను గెలిచిన బాబీ జోన్స్ కర్రల కాడలూ హికరీవే.

ఉక్కు, అక్షరాలు, అహంకారం

ఎడిన్‌బరోకు చెందిన థామస్ హార్స్‌బర్గ్ అనే కమ్మరి 1890లలోనే ఉక్కు కాడను తయారు చేశాడు. అది లోపల బోలుగా లేని గట్టి కడ్డీ కావడంతో ఆదరణ పొందలేదు. 1910లో అమెరికాలోని ఆర్థర్ నైట్ బోలు ఉక్కు గొట్టంతో చేసిన కాడకు పేటెంటు పొందాడు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో గోల్ఫ్ విపరీతంగా వ్యాపించింది. మేలిరకపు హికరీ కొయ్య దొరకడం కష్టమైంది. 1924లో అమెరికా గోల్ఫ్ సంఘం, 1929లో సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు ఉక్కు కాడలను అనుమతించాయి. 1931లో బిల్లీ బర్క్ ఉక్కు కాడలతో అమెరికన్ ఓపెన్ గెలిచాడు. హికరీ యుగం ముగిసింది.

ఉక్కు గొప్ప మేలు చేసింది. వేయి కాడలు చేసినా వేయి ఒకే విధంగా ఉంటాయి; మెలి తిరగడం చాలా తగ్గింది. అయితే ఒక నష్టమూ జరిగింది. ఉక్కు గొట్టాన్ని దుకాణంలో గీకి మెత్తబరచడం సాధ్యం కాదు. బిరుసుదనాన్ని కర్మాగారంలోనే నిర్ణయించి, దానికొక అక్షరం అతికించవలసి వచ్చింది. అలా 'ఎల్', 'ఎ', 'ఆర్', 'ఎస్', 'ఎక్స్' అనే వరుస ఏర్పడింది. 'ఎల్' స్త్రీలకు, 'ఎ' పెద్ద వయసువారికి, 'ఆర్' సాధారణ ఆటగాళ్లకు, 'ఎస్' వేగంగా విసిరేవారికి, 'ఎక్స్' అతివేగంగా విసిరేవారికి అన్నారు.

అక్షరం వచ్చిన చోటికి అహంకారమూ వచ్చింది. 'ఎస్' అంటే యువకుడు, బలవంతుడు. 'ఎ' అంటే ముసలివాడు. పనివాని ముందు నిలబడి 'ఇంకాస్త గీకు' అనడానికి సిగ్గుపడని మనిషి, దుకాణంలో 'ఎ' అక్షరమున్న కర్రను చేత పట్టడానికి సిగ్గుపడ్డాడు. నిజానికి ఆ అక్షరాలకు సర్వసమ్మతమైన ప్రమాణమేదీ లేదు. ఒక సంస్థ 'ఆర్' అన్నది మరొక సంస్థ 'ఎస్'తో సమానం కావచ్చు. కాడ ఒక చివరను బిగించి, రెండవ చివరను మీటి, నిమిషానికి ఎన్నిసార్లు కంపిస్తుందో లెక్కించే పద్ధతి 1970ల నుంచి వ్యాప్తిలోకి వచ్చినా, అక్షరాల గందరగోళం తొలగలేదు.

కార్బన్ నారల రాక

1960లలో ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయంలో బలమైన కార్బన్ నారలను రూపొందించారు. విమానాలకు ఉద్దేశించిన ఆ పదార్థంతో 1969లో ఫ్రాంక్ థామస్ అనే ఇంజినీరు అమెరికాలో గోల్ఫ్ కాడను తయారు చేశాడు. అదే గ్రాఫైట్ షాఫ్టు. తొలినాళ్లలో దాని ఖరీదు ఎక్కువ, మెలి తిరగడమూ ఎక్కువే. తరువాతి రెండు దశాబ్దాలలో ఆ లోపాలు సవరించబడ్డాయి.

వయోవృద్ధులకు ఇది గొప్ప వరం. ఉక్కు కాడల బరువు సాధారణంగా 100 నుంచి 130 గ్రాములు. గ్రాఫైట్ కాడలు 50 నుంచి 70 గ్రాములలో దొరుకుతాయి. పైగా నేలను తాకినప్పుడు పుట్టే కంపనాన్ని గ్రాఫైట్ కొంతవరకు తనలోనే అణచివేసుకొంటుంది. నారల అల్లికను మార్చి కాడలో ఏ భాగం ఎంత వంగాలో నిర్ణయించే వీలు కూడా వచ్చింది. హికరీ పనివాడు గీకి సాధించినదాన్ని ఇంజినీరు అల్లి సాధించాడు.

శరీరంలో జరిగే మార్పు

యాభై దాటాక కండరాల రాశి ఏటా సుమారు 1 శాతం చొప్పున తగ్గుతూ ఉంటుంది. ఈ క్షీణతకు 1989లో అర్విన్ రోజెన్‌బర్గ్ సార్కోపీనియా అని పేరు పెట్టారు. కండరాలలో నిదానంగా పనిచేసే తంతువులు, వేగంగా సంకోచించే తంతువులు అని రెండు రకాలున్నాయి. వయసుతో ఎక్కువగా కృశించేవి రెండవ రకం. అందుచేత బరువు ఎత్తే శక్తి కంటే ముందుగా విసిరే వేగం తగ్గుతుంది. మరొకవైపు వెన్నెముక, తుంటి కీళ్ల తిరుగుడు తగ్గుతుంది. స్నాయువులు బిగుసుకొని, దెబ్బ తింటే మానడానికి ఎక్కువ కాలం పడుతుంది.

ఇప్పుడు కాడ సంగతి చూద్దాం. కర్రను కిందికి విసరడం మొదలుపెట్టినప్పుడు తల జడత్వం వలన వెనుకబడి, కాడ వెనుకకు వంగుతుంది. బంతిని తాకే సమయానికి తల ముందుకు వచ్చి కాడ కొన ముందుకు వంగుతుంది. బంతి కొంచెం పైకి లేవడానికి అది తోడ్పడుతుంది. విసురు నెమ్మదిగా ఉండి కాడ బిరుసుగా ఉంటే ఈ వంపు చాలదు. బంతి తక్కువ ఎత్తులో పోయి త్వరగా నేలకు దిగుతుంది. దూరం తగ్గిందని ఆటగాడు మరింత బలంగా విసురుతాడు. పిడిని బిగించి పట్టుకొంటాడు. ఆ అదనపు శ్రమ మోచేయి లోపలివైపు ఎముకకు అంటుకొని ఉండే స్నాయువు మీద, నడుము మీద పడుతుంది.

అలాగని మెత్తని కాడ వేగాన్ని కల్పించదు. ఫ్లెక్స్ మార్చినంత మాత్రాన దూరం అమాంతం పెరుగుతుందనే ప్రకటనలను నమ్మనవసరం లేదు. కాడ బరువు, తల వాలు, పిడి మందం కూడా అంతే ముఖ్యమైనవి. మరీ మెత్తనిదైతే బంతి దిశ అదుపు తప్పుతుంది.

ఎంపిక ఎలా?

డ్రైవర్ అనే పొడవైన కర్ర తల వేగాన్ని రాడారు పరికరంతో కొలిపించుకోవడం మొదటి మెట్టు. స్థూలంగా గంటకు 75 మైళ్ల కంటే తక్కువైతే 'ఎల్', 75 నుంచి 85 వరకు 'ఎ', 85 నుంచి 95 వరకు 'ఆర్', 95 నుంచి 105 వరకు 'ఎస్' అని వాడుక. ఇది హద్దు గీత కాదు, ఒక సూచన మాత్రమే. రెండు మూడు కాడలతో పదేసి బంతులు కొట్టి, బంతి ఎత్తును, దిశను, మరునాటి ఉదయం మోచేతి స్థితిని గమనించి నిర్ణయించుకోవాలి. కీళ్లవాతమున్నవారికి కాస్త మందమైన పిడి సుఖంగా ఉంటుంది. రెండు మూడేళ్లకొకసారి ఈ కొలతను మళ్లీ చూసుకోవాలి.

మన పెద్దలలో గోల్ఫును ఆలస్యంగా ప్రారంభించేవారు ఎక్కువ. గోల్కొండ కోట చెంతనున్న మైదానంలోనో, విశాఖపట్నంలోనో పదవీ విరమణ తరువాత మొదలుపెడతారు. లేదా అమెరికాలో ఉన్న కుమారుని వద్దకు వెళ్లినప్పుడు ఆడడం నేర్చుకొంటారు. అప్పుడు చేతికి వచ్చేవి తరచు కుమారుడు వాడి పక్కనపెట్టిన కర్రలే. ముప్పై ఏళ్లవాని కొలతకు తీసుకొన్న బిరుసు కాడలు అరవై అయిదేళ్ల మోచేతికి తగవు. కుమారుని చెప్పులు తండ్రికి సరిపోవచ్చును గాని, విల్లు సరిపోదు.

ఇదంతా కొన్ని గజాల దూరం కోసం చెబుతున్నది కాదు. స్వీడన్‌లో సుమారు 3 లక్షల మంది గోల్ఫ్ ఆటగాళ్ల వివరాలను పరిశీలించి 2008లో కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు వెల్లడించిన అధ్యయనంలో, అదే వయసు, అదే సామాజిక స్థితి గల ఇతరులతో పోలిస్తే వారిలో మరణాల రేటు సుమారు 40 శాతం తక్కువగా కనిపించింది. ఆరోగ్యవంతులే ఆటకు వస్తారన్న సంగతిని మరువరాదు. ఆ తేడా అంతా ఆట వలననే అనలేము. అయినా గోల్ఫులో ఆటగాడు ఒక్క రౌండులో పలు కిలోమీటర్లు నడుస్తాడు, నలుగురితో కాలం గడుపుతాడు. కర్ర కారణంగా మోచేయి చెడి ఆట మానితే నష్టపోయేది ఆ నడక, ఆ స్నేహం. కొన్ని వారాలపాటు తగ్గని నొప్పి ఉంటే కర్రను మార్చడంతో సరిపెట్టుకొనక వైద్యుని సంప్రదించాలి. వారానికి రెండుసార్లు కండరాలకు పనిచెప్పే వ్యాయామం కూడా అవసరం.

శామ్ స్నీడ్ 1979లో 67 ఏళ్ల వయసులో అమెరికా ప్రధాన పర్యటన పోటీలో ఒక రౌండును సరిగ్గా 67 స్ట్రోకులలో, తరువాత మరొక రౌండును 66 స్ట్రోకులలో ముగించాడు. టామ్ వాట్సన్ తుంటి కీలు మార్పిడి జరిగిన తొమ్మిది నెలలకు, 59 ఏళ్ల వయసులో, 2009 బ్రిటిష్ ఓపెన్‌లో ప్లేఆఫ్ దాకా వెళ్లి ఓడిపోయాడు. అటువంటి ప్రతిభ అందరికీ ఉండదు. కాని తన చేయి చెప్పేది విని కాడను గీకించుకొన్న హికరీ కాలపు వృద్ధుని వివేకం అందరికీ అందుబాటులో ఉంది. కాడ మీద ఉన్న అక్షరం తోటివారికి కనిపించదు. మరునాటి నొప్పి మాత్రం మనకు తెలుస్తుంది.