సొరుగు కథ: కొయ్య పట్టీ నుండి ఉక్కు గోళీల దాకా

వర్క్‌షాపులో పనిచేసినవారికి పనిముట్ల సొరుగు విలువ వేరే చెప్పనక్కరలేదు. టూల్‌రూం కిటికీ దగ్గర ఇత్తడి టోకెను ఇచ్చి మైక్రోమీటరు తీసుకున్న రోజులు మనలో చాలామందికి గుర్తే. రిటైరయ్యాక ఇంట్లోనే ఒక మూల పనిముట్లు సర్దుకుని, చిన్న చిన్న రిపేర్లు చేసుకునేవారూ ఉన్నారు. బీరువా చేయించేటప్పుడు రేకు మందం, రంగు, తాళం చూస్తాము. సొరుగును మోసే చానెల్ విషయంలో మాత్రం దుకాణదారు ఇచ్చిందే తీసుకుంటాము. కాని ఆ చానెల్‌కు పెద్ద చరిత్రే ఉన్నది. అది తెలిస్తే ఏది కొనాలో కూడా తెలుస్తుంది.

సొరుగు చాలా పాతది. ప్రాచీన ఈజిప్టులో సెనెట్ అనే ఆట పెట్టెలకు పావులు దాచుకునేందుకు చిన్న సొరుగులుండేవి. ఆ తరువాత వేల ఏళ్ళపాటు పద్ధతి ఒక్కటే, కొయ్య మీద కొయ్య జారడం. వానాకాలంలో కొయ్య ఉబ్బి సొరుగు బిగుసుకుంటుంది, ఎండాకాలంలో వదులవుతుంది. అంచులకు కొవ్వొత్తి రుద్దడం మన ఇళ్ళలోనూ తెలిసిన వైద్యమే. బట్టలకు, కాగితాలకు ఇది చాలు. ఇనుప సామానుకు చాలదు.

అమెరికాలో మెషినిస్టులు తమ కొలత పరికరాలు తామే కొనుక్కుని సొంత పెట్టెలో భద్రపరచుకునేవారు. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో హ్యారీ గెర్‌స్ట్‌నర్ 1906లో ఇటువంటి కొయ్య పెట్టెల తయారీ ప్రారంభించారు. సన్నని సొరుగులు, వాటిలో మెత్తని ఫెల్టు పరుపు వాటి ప్రత్యేకత. తరువాత ఉక్కు రేకు పెట్టెలు వచ్చాయి. కొయ్య ఉబ్బే బాధ తీరింది గాని రాపిడి పోలేదు. రేకు మీద రేకు జారాలి. గ్రీజు రాస్తే దుమ్ము, ఇనుప రజను అంటుకుని మరింత గీరుకుపోయేది.

దీనికి మందు సైకిలు చక్రంలో దొరికింది. బండి ఇరుసుకు గోళీల బేరింగు వాడే పద్ధతికి వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ 1794లోనే పేటెంటు పొందారు. అయితే గోళీలన్నీ ఒకే సైజులో, గుండ్రంగా రాకపోతే బరువంతా రెండు మూడు గోళీల మీదే పడుతుంది. జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిక్ ఫిషర్ 1883లో ఉక్కు గోళీలను సానపట్టే యంత్రం తయారుచేశాక ఆ చిక్కు వీడింది. అదే సూత్రం కాలక్రమంలో సొరుగుకూ వచ్చింది. రెండు ఉక్కు పట్టీల నడుమ గోళీల వరుస, అవి చెదరకుండా పట్టి ఉంచే చట్రం. జారడం పోయి దొర్లడం వచ్చింది.

తరువాతి సమస్య, సొరుగు ఎంతవరకు బయటికి రావాలి? రెండు పట్టీల చానెల్‌తో సుమారు ముప్పావు వంతే వస్తుంది. వెనుక ఉన్న స్పానరు కోసం చెయ్యి దూర్చి తడుముకోవాలి. మధ్యలో మూడో పట్టీ చేర్చడంతో సొరుగు పూర్తిగా బయటికి వచ్చింది. దానితో కొత్త ప్రమాదమూ వచ్చింది. బరువంతా ముందుకు వస్తే బీరువా బోర్లాపడవచ్చును. అందుకే ఫ్యాక్టరీలకు చేసే పెద్ద బీరువాలలో ఒక సొరుగు తెరిస్తే మిగిలినవి కదలకుండా లాకు పెట్టారు. స్విట్జర్లాండులో 1945లో ఆల్ఫ్రెడ్ లీన్‌హార్డ్ స్థాపించిన లిస్టా కంపెనీ ఇటువంటి బీరువాలకు పేరుపొందింది.

ఇక మన అవసరానికి వద్దాము. ముందు బరువు లెక్క వేయాలి. లోపల 450 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 75 మిల్లీమీటర్ల లోతు గల సొరుగులో మూడోవంతు ఉక్కు, మిగిలినది ఖాళీ అనుకున్నా సుమారు 40 కిలోలవుతుంది. సొరుగు సొంత బరువు దీనికి అదనం. 45 కిలోల జత దానికి అంచుమీద ఉన్నట్లే. ఇంకా పెద్ద రకం తీసుకోవడం మంచిది. కంపెనీవారు చెప్పే బరువు సాధారణంగా జతకు గాని ఒక్కొక్క చానెల్‌కు కాదని గుర్తుంచుకోవాలి. నైలాను చక్రాల చానెళ్ళు కాగితాలకు, తేలిక సామానుకు సరిపోతాయి.

పక్కన బిగించే గోళీల చానెల్‌కు సాధారణంగా ఒక్కొక్క వైపు అర అంగుళం జాగా కావాలి. అంటే సొరుగు వెడల్పు బీరువా లోపలి వెడల్పు కన్నా ఒక అంగుళం తక్కువ ఉండాలి. రెండు చానెళ్ళు సమాంతరంగా లేకపోతే ఎంత ఖరీదైనవైనా పట్టేస్తాయి. బరువైన సామాను అడుగు సొరుగులో పెట్టాలి. బీరువాను గోడకు బోల్టులతో బిగించాలి. పూర్తిగా లాగినప్పుడు ఊడి కాళ్ళమీద పడకుండా స్టాపరు ఉన్నదో లేదో చూసి మరీ కొనాలి.

మన వయసులో నడుము, మణికట్టు మునుపటిలా సహకరించవు. మనుమలు ఆడుతూ వచ్చి సొరుగు పట్టుకుని లాగుతారు. కాబట్టి రంగుకు, హ్యాండిలుకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకునైనా మంచి చానెల్ వేయించుకోవలసిందిగా సభ్యులకు నా మనవి.