నకలు వేఱు, నకిలీ వేఱు: పాతకాలపు స్పోర్ట్సు కారుల కథ



ఒక యింటి చిన్నవాడు పెద్దలయొద్దకు వచ్చి, “తాతగారూ, పాతకాలపు స్పోర్ట్సు కారొకటి కొనదలచినాను. అది నిజముగా పాతది కాదు. పాతదానిని జూచి క్రొత్తగా కట్టినది. కొనవచ్చునా?” యని యడిగెననుకొనుడు. అరుగుమీది పెద్దలలో నొకరు నవ్వుదురు. ఒకరు “నకిలీ సరకునకు మంచి రూకలా?” యందురు. మఱియొకరు ధర యెంతయని యడుగుదురు. అవునన్నను కాదన్నను దానివెనుక నున్న చరిత్రము కొంత యెఱిగి పలుకుట పెద్దరికమునకు తగును. ఆ చరిత్రమునే నేడు విన్నవించుచున్నాను.

ముందుగా మాట తేల్చుకొందము. మన రిజిస్ట్రారు కచేరీలో “నకలు” అను మాట కలదు. “నకిలీ” యను మాటయు లోకమున కలదు. దస్తావేజు నకలుపై నకలని వ్రాసి, సంతకము చేసి, ముద్ర వేయుదురు. అట్టి నకలును న్యాయస్థానము గౌరవించును. ఆ దస్తావేజునే అసలని చెప్పి చూపినచో అది నకిలీ. దానికి శిక్ష కలదు. కాగితమొకటియే, అక్షరములవియే, భేదమంతయు చెప్పుకొను మాటలో నున్నది. తాటాకులపై గ్రంథములు నిలిచిన కాలమున వ్రాయసకాడు గ్రంథాంతమున తన పేరును, ముగించిన తిథిని వ్రాసి, తాను కవిని గానని, లేఖకుడనని తెలుపుట యాచారముగ నుండెను. ఆ నకళ్లు లేకున్న మన వాఙ్మయము సగము నశించియుండును. కావున నకలనగానే చులకన చేయుట మన సంప్రదాయము కాదు.

ఇక స్పోర్ట్సు కారన నేమి? అది సంసారపక్షపు బండి కాదు. ఇద్దఱకు మాత్రమే చోటు. పైకప్పు గుడ్డది, కొన్నింటికి అదియు లేదు. నేలకు దగ్గఱగా, తేలికగా నుండును. సామానులు మోయుటకు గాక నడపుట యందలి యుల్లాసమునకే పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945 వ సంవత్సరమున ఇంగ్లండునందలి ఎం.జి. సంస్థవారు టి.సి. యను చిన్న బండిని వెలువరించిరి. 1949 వఱకు సుమారు పదివేలు కట్టిరి. యుద్ధకాలమున ఇంగ్లండునందుండిన అమెరికా సైనికులు ఈ జాతి బండ్లను మరగి తమ దేశమునకు గొనిపోయిరి. ఆ మోజు అమెరికాలో వ్యాపించుటకు అదియొక మూలము.

తరువాతి కథ కోబ్రాది. థేమ్సు డిట్టన్‌లోని ఏ.సి. సంస్థ తేలికబండ్లను కట్టుచుండెను. టెక్సాసు దేశీయుడైన కెరోల్ షెల్బీ, 1959 లో ఫ్రాన్సునందలి లెమాన్ పందెమున గెలిచిన సారథి, 1962 లో ఆ తేలికబండిలో ఫోర్డువారి యెనిమిది సిలిండరుల యింజను నమర్పించి, కోబ్రా, అనగా త్రాచుపాము, అని పేరిడెను. 1967 వఱకు కట్టినవి సుమారు వేయి మాత్రమే. వానిలో మొట్టమొదటిది 2016 లో వేలమున 1,37,50,000 డాలరులకు పోయెను. బండ్లు వేయి, కోరువారు లెక్కకు మిక్కిలి. అట్టిచోట నకలు పుట్టుట సహజమే. నేడు లోకమున నెక్కువగా నకలు కట్టబడిన స్పోర్ట్సు కారులలో కోబ్రా యొకటి.

నకలు కట్టుట సామాన్యులకు సాధ్యమగుటకు మూడు కారణములు కలవు. మొదటిది పన్ను. 1957 లో కాలిన్ చాప్‌మన్ అను ఇంజనీరు లోటస్ సెవెన్ అను బండిని వెలువరించెను. దాని బరువు సుమారు 500 కిలోగ్రాములు. మన అంబాసిడరు బరువులో సగమునకు లోపే. కట్టిన బండిపై ఆ దేశమున కొనుగోలు పన్ను మిక్కుటముగ నుండెను; విడిభాగములపై లేదు. కావున భాగములను పెట్టెలలో నిచ్చుచుండిరి; కొన్నవాడు తన పెరటిలో బిగించుకొనుచుండెను. 1973 లో పన్నుల పద్ధతి మాఱి ఆ లాభము పోయెను. ఆ యేటనే కేటర్‌హాం సంస్థవారు సెవెన్ కట్టు హక్కును లోటసువారియొద్ద కొని, ఆ రూపమునే నిలిపిరి. పెరటిలో బండిని బిగించు నేర్పు మాత్రము జనులలో నిలిచిపోయినది.

రెండవది చట్రము. కొన్ని బండ్లలో పైదొడుగును మరలు విప్పి తీసివేసినను, చక్రములు, ఇంజను, చట్రము చెడక నిలుచును. జర్మనీవారి ఫోక్స్‌వాగెన్ బీటిల్ అట్టిది. 1948 లో పోర్షే సంస్థ తమ 356 వ నమూనాను ఆరంభించినప్పుడు ఫోక్స్‌వాగెన్ భాగములనే వాడుకొనిరి. తరువాత ఇతరులు అదే బీటిల్ చట్రముపై పోర్షే యాకారపు దొడుగును పెట్టి నకళ్లు కట్టిరి. మాతృకకును నకలుకును ఇంట నొకే బంధువు! ట్రయంఫ్ హెరాల్డు కూడ నట్టిదే. ఆ హెరాల్డునే మద్రాసు చెంత వండలూరునందలి స్టాండర్డు మోటారు ప్రాడక్ట్సు వారు 1961 నుండి మనదేశమున కట్టిరి. స్టాండర్డు హెరాల్డను పేర దానిని మన పెద్దలలో పలువురెఱుగుదురు. ఇంగ్లండున ఆ హెరాల్డు చట్రముపైననే ఎం.జి. యాకారము గల జెంట్రీ యను నకలు వెలసినది. దక్షిణదేశపు వీథులలో వైద్యులను, వకీళ్లను మోసిన హెరాల్డునకు అచ్చట నట్టి జన్మాంతరము కలిగినది.

మూడవది ఫైబరు గ్లాసు. ఉక్కురేకును సుత్తితో వంపుదీర్చుట గొప్ప పనివానికే చెల్లును. ఫైబరు దొడుగునకో, ఒక మాతృకపై మూస తీసికొని, ఆ మూసలోపల గాజుపీచు చాపను పఱచి, జిగురు పదార్థమును తడిపి గట్టిపఱచినచో నూఱు దొడుగులు వచ్చును. మన సముద్రతీరమున కొయ్యతెప్పలతోపాటు తేలుచున్న ఫైబరు పడవల పనియు నీ పద్ధతిదే. పడవ చేయువాని పనిచూచినవారికి కారుదొడుగు పని వేఱుగ బోధింప నక్కఱలేదు.

ఇట్లు నకళ్లు పెరిగినవి. వానిలో తరములును ఏర్పడినవి. అన్నిటికంటె తక్కువ తరము, ఆకారము మాత్రమే పోలి లోపల మఱియొక బండి యగునది. దానికి పైతరము, అర్జెంటీనాలోని పుర్‌సాంగ్ పనివారు కట్టు బుగాటీ వంటిది. 1924 నాటి బుగాటీ 35 వ నమూనాను, ఇంజనుతోసహా, చేతిపనితో తిరిగి కట్టుదురు. ఇక మాతృకను కట్టిన సంస్థయే తిరిగి కట్టునది మఱియొక తరము. దీనికి జాగ్వారువారి కథ చెప్పవలెను. 1957 ఫిబ్రవరి 12 న కోవెంట్రీలోని వారి కర్మాగారమున అగ్నిప్రమాదము కలిగెను. ఎక్స్.కె.ఎస్.ఎస్. అను స్పోర్ట్సు కారులు 25 కట్టదలచియుండగా 9 దగ్ధములయ్యెను. లోకమునకు వచ్చినవి 16. దాదాపు 60 ఏండ్ల తరువాత, 2016 లో, ఆ సంస్థవారే పోయిన తొమ్మిదింటికి బదులు తొమ్మిదింటిని కట్టబూనిరి.

ఇది విన్నప్పుడు కోనసీమవారికి అంతర్వేది జ్ఞప్తికి రాకమానదు. 2020 సెప్టెంబరు 5 వ తేదీ అర్ధరాత్రి దాటిన వేళ శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి రథము దగ్ధమయ్యెను. అది సుమారు 40 అడుగుల యెత్తు గల టేకు రథము; దాదాపు 60 ఏండ్లు స్వామిని మోసినది. 2021 ఫిబ్రవరి 19, రథసప్తమినాడు, క్రొత్త రథము ప్రారంభింపబడెను. ఇది పాతది కాదు గదా యని మ్రొక్కు మానినవారు లేరు. ఏలన, రథమునకు గౌరవము దానిపై వేంచేయు స్వామివలన కలుగును గాని కొయ్యయొక్క వయసువలన కాదు. స్వామి వేంచేసిన నాడు క్రొత్త రథమును అసలు రథమే.

మోటారుబండి విషయ మట్లు కాదు. వేలమున కోట్లు పలుకునది ఇనుము కాదు. ఏ సారథి నడపెను, ఏ పందెమున గెలిచెను, ఎవరి చేతులు మాఱెను అను చరిత్ర. ఆకారమునకు మూస తీయవచ్చును. చరిత్రకు మూస లేదు. కావున నకలు కొనువాడు కొనునది నడపుటయందలి యుల్లాసము, పనివాని నేర్పు, చూపరుల సంతోషము. ఇవి చిన్న వస్తువులు కావు. కాని వానితో మాతృకయొక్క వంశగౌరవము రాదు. మాతృకధర పెరిగినదని నకలుధరయు పెరుగునని యాశపడరాదు.

ఈ భేదమును పరదేశపు శాసనములును గుర్తించినవి. ఇంగ్లండున పుట్టుకయో వయసో నిర్ణయింపరాని బండికి సంఖ్యాఫలకముపై “క్యూ” యను నక్షరము నిత్తురు. చూడగనే యెవరికైనను తెలియును. అమెరికాలో 2015 నాటి శాసనము, మాతృకకు 25 ఏండ్లు నిండినచో, ఒక్కొక్క చిన్న నిర్మాత యేటికి 325 నకళ్లు కట్టి యమ్మవచ్చుననెను. దాని నియమావళి 2021 లో సిద్ధమయ్యెను. నకలును నకలుగానే పుట్టనిచ్చి, ఆ పేరుతోనే బ్రదుకనిచ్చుట వీని భావము.

మనదేశమున మార్గము మఱింత యిఱుకు. క్రొత్త నమూనా బండి యేదైనను పూనాలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి పరీక్షాసంస్థలు పరీక్షించి యంగీకరించిన తరువాతనే అమ్మకమునకు రావలెను. పాత హెరాల్డునో బీటిల్‌నో కొని, దొడుగు తీసివేసి, ఫైబరు దొడుగు పెట్టింతుమన్నచో 1988 నాటి మోటారు వాహనముల చట్టమునందలి 52 వ విభాగ మడ్డువచ్చును: నిర్మాత మొదట నిర్దేశించిన వివరములకు భిన్నముగ బండిని మార్పరాదు. 2019 జనవరి 9 న సుప్రీముకోర్టు ఈ నియమమును గట్టిగ నిలిపినది. ఇక 2021 జూలైలో కేంద్రప్రభుత్వము 50 ఏండ్లు దాటిన బండ్లకు “వి.ఏ.” యక్షరములతో ప్రత్యేకపు రిజిస్ట్రేషను నేర్పఱచినది. నియమమునందలి మొదటి రుసుము 20,000 రూపాయలు, గడువు పదియేండ్లు. మఱల పొడిగించుటకు 5,000. కాని యది మూలరూపము చెడని పాతబండ్లకే. నిన్న కట్టిన నకలు ఎంత పాతదివలె కనబడినను ఆ పంక్తిలో కూర్చుండజాలదు.

మనవారు బొత్తిగ నీ పనికి దూరముగ నున్నారని యనుకొనరాదు. తరతరములు నెక్కిన అంబాసిడరు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణికి రూపాంతరమే. 2014 వఱకు వంగదేశపు ఉత్తరపాడలో కట్టబడినది. మహారాష్ట్రమున చింకారా మోటార్సువారు సెవెన్ రూపము ననుసరించి రోడ్‌స్టరు నొకదానిని కట్టిరి, దానిలోని 1.8 లీటరుల ఇసుజు యింజను అంబాసిడరువలన మన మెఱిగినదే.

ఇక మొదటిసారి కొనువానికి పెద్దలు చెప్పదగిన మాటలు. బయటి రంగును చూడక ముందు, అడుగున నేబండి చట్రమున్నదో యడుగుము. చట్రముపై చెక్కిన సంఖ్యయు, రిజిస్ట్రేషను పత్రమునందలి సంఖ్యయు, అందు వ్రాసిన దొడుగు వివరమును, కన్నెదుటి బండియు నొక్కటియే యగునేమో సరిచూడుము. సరిపడనిచో ధర సగమునకు తగ్గించినను కొనకుము. పోలీసు ఆపిన నాడును, బీమా కోరిన నాడును ఆ సగము ధర రక్షింపదు. పిదప అతుకుల గట్టిదనము, తుప్పు, ఫైబరుపై సాలెగూటివంటి బీటలు, ఇంజను బలమునకు తగిన బ్రేకులు, తెలిసిన మెకానిక్కుచే చూపింపుము. నేలనంటు బండి మన కాలువగట్లపైనను, ఊరూర నడ్డముగ వేసిన దిమ్మలపైనను ఎట్లు పోవునో ఒకమాఱు స్వయముగ నడపి చూడుము. కట్టకడపట, అమ్మకపు కాగితమునందు “నకలు” అను మాట వ్రాయుమని కోరుము. వ్రాయుటకు సందేహించువాని యొద్ద రొక్కము తీయకుము.

డెల్టా కుటుంబములకు భూమి యనిన నేమో నేను చెప్ప నక్కఱలేదు. ఉల్లాసమునకై కొను వస్తువునకు మిగులు సొమ్మునే వెచ్చింపవలెను గాని, ఎకరము నమ్మి కొనరాదు. ఆ కట్టుబాటునకు లోబడి, కాగితము సరిగా నున్నదానిని, నకలని యెఱిగి, నకలుధరకు కొన్నవాని నెవ్వరును పరిహసింప బనిలేదు. అతడు మోసపోలేదు. ఱేపు వేఱొకరికమ్మునప్పుడు ఆ మాటనే చెప్పి యమ్మినచో ఎవరిని మోసగింపలేదు కూడ. పెద్దలు కాపాడవలసినది ఈ రెండవ మర్యాదను. మొదటిది సొమ్మునకు సంబంధించినది, రెండవది యింటిపేరునకు సంబంధించినది.