గేర్‌బాక్స్ కార్టు ఇంజన్లు

గేర్‌బాక్స్ కార్టు ఇంజను అనగా పందెపు కార్టులలో వాడే, గేర్లు మార్చుకొనే వీలున్న ఇంజను. వీటిలో అత్యధికం రెండు స్ట్రోకులవి. అమెరికాలో ఇటువంటి బండ్లను షిఫ్టర్ కార్టులంటారు. చిన్న రెండు స్ట్రోకుల ఇంజను నుండి ఎక్కువ శక్తిని రాబట్టేకొద్దీ, ఆ శక్తి లభించే వేగపరిధి ఇరుకవుతుంది. వీటి రూపకల్పనలో వచ్చిన మార్పులు చాలావరకు ఈ చిక్కు చుట్టూనే తిరిగాయి.

నేపథ్యం

1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ నిర్మించిన తొలి కార్టుకు పచ్చిక కోసే యంత్రపు ఇంజను అమర్చారు. ఆ తరువాత ప్రసిద్ధమైన 100 సి.సి. తరగతులలో గొలుసు ఇంజను నుండి నేరుగా వెనుక ఇరుసుకు పోయేది. క్లచ్ గాని, గేర్లు గాని లేవు; బండిని తోసి స్టార్టు చేసేవారు. మలుపులోనూ, తిన్నని దారిలోనూ ఒకే నిష్పత్తితో నెట్టుకురావలసి ఉండడంతో ఆ ఇంజన్లు కాలక్రమేణా నిమిషానికి 20,000 భ్రమణాలు దాటాయి.

మోటారుసైకిలు నుండి కార్టుకు

గేర్లున్న కార్టులకు మొదట మోటారుసైకిలు ఇంజన్లే దిక్కయ్యాయి. 1960లలో బ్రిటన్‌లో 197 సి.సి. విలియర్స్ ఇంజను, పిమ్మట స్పెయిన్ దేశపు బుల్టాకో, మాంటెసా ఇంజన్లు వాడుకలోకి వచ్చాయి. అయితే మోటారుసైకిలులో ఎదురుగాలి తగిలేచోట ఉండే ఇంజను, కార్టులో చోదకుని పక్కన నేలకు ఆనుకొన్నట్లు ఉంటుంది. గాలితో చల్లబడే పద్ధతి స్థానంలో నీటితో చల్లబరచే పద్ధతి రావడం ఇందుకే మేలయింది.

ఇంధన మిశ్రమం లోనికి వచ్చే దారి కూడా మారింది. తొలి ఇంజన్లలో పిస్టనే ఆ ద్వారాన్ని తెరచి మూసేది. దానివలన తక్కువ వేగంలో కొంత మిశ్రమం వెనుకకు తన్నేది. తిరిగే బిళ్ల వంటి రోటరీ వాల్వు, పలుచని రేకులు గల రీడ్ వాల్వు ఈ లోపాన్ని సరిచేశాయి. భారతదేశంలో పేరుపొందిన యమహా ఆర్‌ఎక్స్ 100 మోటారుసైకిలులో ఉండేది కూడా రీడ్ వాల్వే.

కేజెడ్ తరగతి

2007లో అంతర్జాతీయ ఐసీసీ తరగతులకు కేజెడ్ అని పేరు మార్చారు. ఇందులో ఇంజను 125 సి.సి., ఒకే సిలిండరు, రీడ్ వాల్వు, 30 మి.మీ. కార్బ్యురేటరు, గరిష్ఠంగా ఆరు గేర్లు. శక్తి 50 అశ్వశక్తికి దగ్గరగా ఉంటుంది. స్టీరింగు పక్కనున్న మీటతో చోదకుడు వరుసగా గేర్లు మారుస్తాడు. క్లచ్ అవసరం ముఖ్యంగా బయలుదేరేటప్పుడే. గేర్లులేని తరగతులకు భిన్నంగా ఇందులో పందెం నిలిచి ఉన్న స్థితి నుండి మొదలవుతుంది, బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. 2013లో మాక్స్ వెర్‌స్టాపెన్ ఈ తరగతిలో ప్రపంచ విజేత అయ్యాడు.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ మోటోక్రాస్ బండికై తయారైన హోండా సీఆర్ 125 ఇంజను, చవకగా, తేలికగా దొరకడం వలన బాగా పాతుకుపోయింది. 2007 నమూనాతో ఆ బండి ఉత్పత్తి ఆగిపోగా, పందేలు పాత ఇంజన్లపైనే ఆధారపడవలసి వచ్చింది. 2010ల చివరలో ఇటలీకి చెందిన ఐఏఎంఈ సంస్థ, కార్టుల కొరకే రూపొందించిన 175 సి.సి. ఇంజనును అక్కడి పందేలకు అందించింది.