పొయ్యిలో పుల్ల ఎవరిది?

గ్యాసు బండ అయిపోయి, కొత్తది రావడం ఒక్కరోజు ఆలస్యమైతే మనకు కాళ్ళూ చేతులూ ఆడవు కదండీ! మరి పొయ్యిలోకి పుల్ల తెచ్చుకోవడమే నేరమైతే? మన తెలుగు పల్లెల్లోనే ఆ రోజులు గడిచాయి.

అడవులు తరిగిపోవడానికి వంటచెరకు ఏరుకునే ఆడవాళ్ళే కారణమని పెద్దమనుషులు అంటూంటారు. నేనైతే ఒప్పుకోను. రైళ్ళు వచ్చాక పట్టాల కింద స్లీపర్లకని టేకూ, దేవదారూ, మద్దీ లెక్కలేకుండా నరికారు. బొగ్గు అందని చోట ఇంజనుకీ కట్టెలే మేత. తీరా అడవి పలచబడ్డాక, 1864లో దొరలు అడవుల శాఖ పెట్టి, జర్మనీ నుంచి వచ్చిన బ్రాండిస్‌ను దానికి అధిపతిని చేశారు.

తమాషా ఏమిటంటే, పోట్లాట దొరల్లో దొరలకే వచ్చింది. అడవంతా సర్కారు సొత్తే, జనం వాడుకుంటున్నది దయాధర్మం మాత్రమేనని బేడెన్ పావెల్ వాదన. కాదు, ఊరివాళ్ళకూ అడవి మిగల్చాలని బ్రాండిస్. మద్రాసు రెవిన్యూ బోర్డువారు ఇంకో అడుగు ముందుకేసి, మా రాజధానిలో ఏదో ఒక ఊరి పొలిమేరలో లేని అడవి దాదాపు లేదు పొమ్మన్నారు. 1878 చట్టంలో చాలావరకు బేడెన్ పావెల్ మాటే నెగ్గింది. మద్రాసు దాన్ని తీసుకోలేదు, 1882లో తన చట్టం తాను చేసుకుంది. అయితే ఏం లాభం? రిజర్వు హద్దురాళ్ళు పడనే పడ్డాయి.

మా నాయనమ్మ ‘పుల్లరి’ అన్న మాట వింటేనే మూతి తిప్పేది. అడవిలో పశువులు మేసినందుకు కట్టే పన్నండి అది. 1921లో పల్నాడు రైతులు కట్టమని ఎదురు తిరిగారు. వాళ్ళ ముందు నిలబడ్డ కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో పోలీసులు కాల్చి చంపారు. పోడు కొట్టనివ్వని మన్యంలో అదే ఏడు ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణా మీద పడ్డాడు.

పుల్లా, ఆకూ, తేనే ఏరుకోవడం అడవిబిడ్డల హక్కని చట్టం ఒప్పుకునేసరికి 2006 వచ్చింది. అప్పటికీ తగువు తీరలేదు. వన్యప్రాణులకు చేటని కొందరు సుప్రీంకోర్టుకెక్కారు. దరఖాస్తులు చెల్లనివాళ్ళను ఖాళీ చేయించమని 2019 ఫిబ్రవరిలో కోర్టు ఉత్తర్వు ఇచ్చి, ఆ నెలాఖరులోనే దాన్ని ఆపింది. ఆ రెండు వారాలూ ఆ ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలిగిందో!