అచల యనబడు భూమి



అమరకోశమున భూమికి అచల యనియు, పర్వతమునకు అచల మనియు పేళ్లు కలవు. ముప్పది యేండ్లకు పైగా నేనీ పేళ్లను బాలురచే వల్లె వేయించితిని. అయినను ఏటేట పూడిపోవు చెరువును, ఒడ్డు కోయు ఏటిని ఎఱిగిన మీబోటి పెద్దలకు ఆ పేరునందు సందేహము కలుగక మానదు. ఎంత పూడినది, ఎంత కోసినది యని యడిగినచో, పూర్వపు కొలత చేత నున్నవాడే ఉత్తరము చెప్పగలడు.

మన దేశమున అట్టి మహాకొలత 1802లో మదరాసు చెంత పరంగికొండ కడ ఆరంభ మయ్యెను. లాంబ్టన్ దొర నేలపై ఒక సరళరేఖను ఇనుప గొలుసుతో కొలిచి, దానినుండి త్రిభుజములను అల్లుకొనుచు సాగెను. కోణములు కొలుచు ఆయన యంత్రము అర టన్ను బరువు. 1808లో తంజావూరి పెద్దగుడి విమానముపైకి దానిని లాగుచుండగా, అది గోడకు తగిలి చెడిపోయెను. ఆయన ఆరు వారములు గుడారము వీడక స్వహస్తములతో దానిని బాగుచేసికొనెను. శిష్యులకు నేనెన్నడును చెప్పక మానని కథ యిది! ఆయన 1823లో గతించినను పని సాగెను. 1856లో ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని ప్రకటించిరి. ఆ గణనమున వంగదేశీయుడగు రాధానాథ సిక్దారుది ప్రధాన హస్తము.

కాని ఇంత శ్రమతో కొలిచిన కొండను మరల కొలుచుటకు తరములు పట్టెడిది. ఈ కొఱతను తీర్చినది ఆకాశయానము. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ నౌక, 60 మీటర్ల దూలమును చాచి, రాడారు కిరణములతో 11 దినములలో భూతలమున నూటికి 80 పాళ్ల ఎత్తులను గ్రహించెను. 2005 మే 5న మన శ్రీహరికోటనుండి కార్టోశాట్-1 ఎగసెను. రెండు కన్నులచే మనకు దూరము తెలియునట్లు, అది రెండు కెమెరాలతో ఒకే చోటును రెండు కోణములనుండి చూచి ఎత్తును తెలిపెను. పిదప పని వట్టి తీసివేతయే: నేటి ఎత్తునుండి నాటి ఎత్తును తీసివేయగా మిగిలినది భూమి పొందిన మార్పు.

2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండమున చమోలి జిల్లాలో రోంటి శిఖరపు పార్శ్వము విఱిగి లోయలో పడెను. ఇన్నూరు మందికి పైగా మరణించిరి లేక కానరాకపోయిరి. మంచుసరస్సు తెగెనని మొదట కొందఱు తలచిరి. ముందువెనుకల ఎత్తులను పోల్చిన శాస్త్రజ్ఞులు, ఊడిపడినది సుమారు 2 కోట్ల 70 లక్షల ఘనమీటర్ల శిలయు మంచుగడ్డయు నని తేల్చిరి. అంతియ కాదు, పాత చిత్రములను వరుసపెట్టి చూడగా, 2016 నుండియే ఆ చరియ కదలుచుండినట్లును, 80 మీటర్ల వెడల్పు వఱకు నెఱ్ఱె విచ్చినట్లును తెలియవచ్చెను.

చిత్రము లుండెను. పోల్చి చూచుట మాత్రము ఉత్పాతము పిదప జరిగెను. తపోవనము కడ సొరంగమున పనిచేయుచుండిన కూలీలకు ఆ యుదయమున ఏ హెచ్చరికయు అందలేదు.